క్రైస్తవ కీర్తనలు, వాటి బాణీలు: పుట్టుపూర్వోత్తరాలు

క్రైస్తవ కీర్తన అంటే సంఘం కూడినచోట అందరూ కలిసి పాడుకోవడానికి కట్టిన భక్తిగీతం. దైవస్తుతి, పశ్చాత్తాపం, యేసు జననం, సిలువ మరణం, పునరుత్థానం దీని ప్రధాన వస్తువులు. చర్చిల్లో తరతరాలుగా పాడుతున్న కీర్తనలను తీసుకుంటే చాలావాటిలో సాహిత్యం ఒకరిది, బాణీ మరొకరిది. ఆ ఇద్దరికీ ముఖపరిచయం కూడా ఉండదు. ఒకే దేశం వాళ్లో, ఒకే శతాబ్దం వాళ్లో కావలసిన పనీ లేదు. అందువల్ల ఒక కీర్తన పుట్టుపూర్వోత్తరాలు చెప్పాలంటే మాటల చరిత్ర వేరుగా, వరస చరిత్ర వేరుగా చెప్పాలి. ఎక్కడెక్కడో పుట్టిన ఆ రెంటినీ ఒక్కచోట అతికింది ఛందస్సు.

యూదు మూలాలు, తొలి శతాబ్దాలు

తొలి క్రైస్తవులు యూదులే కాబట్టి హీబ్రూ బైబిల్లోని కీర్తనల గ్రంథమే వాళ్ల మొదటి పాటల పుస్తకం. అందులో 150 కీర్తనలున్నాయి. కొన్నింటి పైన ప్రధాన గాయకుడికి సూచనలూ, పాడవలసిన వరస పేరూ కనిపిస్తాయి. 22వ కీర్తన మీద ఉన్న ‘అయ్యెలెత్ షహరు’ అన్న రాగం పేరు తెలుగు బైబిల్లోనూ అలాగే ఉంది. ఆ రాగం ఎలా ఉండేదో చెప్పే స్వరలిపి ఏదీ మిగల్లేదు. తెలిసిన వరస పేరు పైన రాసి, కింద కొత్త మాటలు ఇచ్చే అలవాటు మాత్రం అంత పాతదని దీన్నిబట్టి తెలుస్తుంది.

కడరా భోజనం ముగిశాక యేసు, శిష్యులు కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లారని మత్తయి, మార్కు సువార్తలు చెబుతున్నాయి. ఫిలిప్పీ చెరసాలలో పౌలు, సీల నడిరాత్రి పాడిన సంగతి అపొస్తలుల కార్యాల్లో ఉంది. క్రైస్తవేతరుల నుంచి దొరికే తొలి సాక్ష్యాల్లో బితూనియ ప్రాంతపు రోమన్ పాలకుడు ప్లినీ రాసిన లేఖ ముఖ్యమైనది. క్రైస్తవులు తెల్లవారకముందే కూడి, క్రీస్తును దేవుడిగా భావించి పాడుకుంటున్నారని ఆయన సుమారు 112లో ట్రాజన్ చక్రవర్తికి తెలియజేశాడు.

మాటలూ స్వరాలూ రెండూ దొరికిన అతి పాత క్రైస్తవ కీర్తన ఈజిప్టులోని ఆక్సిరింకస్ దగ్గర బయటపడింది. మూడో శతాబ్దం చివరి నాటి ఈ గ్రీకు పాపిరస్ ముక్కను 1922లో ప్రచురించారు. ఒకవైపు ధాన్యం లెక్కలున్న చీటీని తిప్పి, దాని వెనక ఎవరో ఈ పాటను రాసుకున్నారు. మాటల మీద వేసిన గుర్తులు ప్రాచీన గ్రీకు సంగీతానివే. అంటే ఆరాధన కొత్తదైనా సంగీతం మాత్రం చుట్టుపక్కల సమాజంలో అప్పటికే ఉన్నది.

ఎఫ్రాయిము, ఆంబ్రోస్, రోమనోస్

కీర్తన పాడుకోవడానికే కాక వాదానికీ ఆయుధమైంది. సిరియాక్ భాష మాట్లాడే ఎదెస్సా నగరంలో బర్దైసాన్, అతని కొడుకు హర్మోనియస్ కట్టిన పాటలు జనం నోళ్లలో నానేవి. వాటిలోని బోధ తప్పని భావించిన ఎఫ్రాయిము (సుమారు 306–373) అవే వరసల్లో తన సిద్ధాంతాన్ని చెప్పే గీతాలు కట్టాడని చరిత్రకారుడు సొజొమెన్ రాశాడు. ఎఫ్రాయిము గీతాలను పాడటానికి స్త్రీల బృందాలకు శిక్షణ ఇచ్చాడని సిరియాక్ సంప్రదాయం చెబుతుంది. ప్రజలకు నచ్చిన బాణీని తీసుకుని మాటలు మార్చడం క్రైస్తవ గాన చరిత్రలో ఆ తరవాత అనేకసార్లు జరిగింది.

లాటిన్ కీర్తనకు రూపం ఇచ్చినవాడు మిలాను బిషప్ ఆంబ్రోస్ (సుమారు 340–397). 386లో రాజమాత జస్టీనా, క్రీస్తు దైవత్వం విషయంలో ఆంబ్రోస్‌తో విభేదించే ఏరియన్ వర్గం కోసం ఒక చర్చిని అప్పగించమంది. ఆంబ్రోస్ కాదన్నాడు. సైనికులు చుట్టుముట్టగా జనం లోపలే రాత్రింబవళ్లు గడిపారు. వాళ్లు నీరుగారిపోకుండా తూర్పు సంఘాల పద్ధతిలో పాడటం అప్పుడే మొదలైందని అగస్టీన్ తన ఆత్మకథలో చెప్పాడు. ఆంబ్రోస్ పాటలకు చరణానికి నాలుగు పాదాలు, పాదానికి ఎనిమిది అక్షరాలు. ఒక్కసారి వింటే పట్టుబడే ఈ కొలత నేటి పాశ్చాత్య కీర్తనల్లోనూ నిలిచి ఉంది.

ఆరో శతాబ్దంలో కాన్‌స్టాంటినోపుల్లో రోమనోస్ బైబిల్ కథలను సంభాషణలతో, పల్లవితో సుదీర్ఘమైన గ్రీకు గీతాలుగా మలిచాడు. గాయకుడు చరణం పాడితే, చివర వచ్చే పల్లవిని తక్కినవాళ్లు అందుకునేవారు.

మఠాల గానం, స్వరలిపి

మధ్యయుగాల్లో పశ్చిమ ఐరోపా ఆరాధన లాటిన్లో సాగింది. పాట క్రమంగా మఠాల్లోని సన్యాసుల చేతికి, శిక్షణ పొందిన గాయకుల చేతికి వెళ్లిపోయింది. తోడు వాద్యం లేకుండా ఒకే గొంతుగా పాడే ఆ సంగీతానికి పోప్ మొదటి గ్రెగరీ (పదవిలో 590–604) పేరు మీద గ్రెగోరియన్ గానం అని పేరు. అది నేటి రూపం దిద్దుకున్నది మాత్రం ఆయన తరవాత, ఎనిమిది, తొమ్మిది శతాబ్దాల ఫ్రాంకిష్ రాజ్యంలో.

పదకొండో శతాబ్దపు ఇటలీ సన్యాసి గైడో ఆఫ్ అరెజ్జో స్వరాలు నేర్పడానికి ఒక కీర్తననే సాధనంగా వాడుకున్నాడు. బాప్తిస్మమిచ్చు యోహానుపై ఉన్న ఆ లాటిన్ పాటలో ఒక్కొక్క పాదం ముందుదానికన్నా ఒక మెట్టు పైన మొదలవుతుంది. ఆ ఆరు పాదాల తొలి అక్షరాలే ఉత్, రే, మి, ఫా, సోల్, లా. తరవాత కాలంలో చాలాచోట్ల ‘ఉత్’ స్థానంలో ‘దో’ వచ్చింది. గీతల మీద స్వరాన్ని గుర్తించే పద్ధతికీ గైడో పదును పెట్టాడు. దాంతో గురుముఖతా తప్ప దొరకని బాణీ కాగితం మీద ఊరు దాటి ప్రయాణించగలిగింది.

లూథర్: సంఘం నోటికి పాట

సంఘమంతా తన భాషలో పాడాలన్నది పదహారో శతాబ్దపు మతసంస్కరణోద్యమం పట్టుబట్టిన విషయాల్లో ఒకటి. మార్టిన్ లూథర్ స్వయంగా పాట కట్టగలడు, వీణ జాతికి చెందిన ల్యూట్ వాయించగలడు. 1524లో నూరెంబర్గులో అచ్చైన చిన్న పుస్తకంలో ఎనిమిదే పాటలుంటే అందులో నాలుగు ఆయనవి. అదే ఏడాది యోహాన్ వాల్టర్ సాయంతో విట్టెన్‌బర్గులో ఇంకా పెద్ద సంకలనం వచ్చింది. లూథర్ కొన్ని వరసలు తానే కట్టాడు, కొన్నింటిని పాత లాటిన్ గానం నుంచి సరళం చేసుకున్నాడు. ఆంబ్రోస్ రాసిన క్రిస్మస్ గీతాన్ని జర్మన్‌లోకి తెచ్చి, దాని వరసను జనం పాడగలిగేలా కుదించాడు.

లూథర్ సారా దుకాణాల పాటలను చర్చిలోకి తెచ్చాడన్న మాట ప్రచారంలో ఉన్నా దానికి ఆధారం లేదు. లౌకిక గీతపు బాణీని ఆయన వాడినదానికి ప్రసిద్ధ ఉదాహరణ ఒక క్రిస్మస్ పాట. 1535లో దాన్ని పొడుపుకథల పాట వరసలో అచ్చు వేశారు. 1539 నాటికి ఆ పాటకు వేరే కొత్త బాణీ ఇచ్చారు. మంచి బాణీలన్నీ సైతానుకే ఎందుకు వదలాలన్న ప్రశ్న కూడా లూథర్ అన్నదిగా ఎక్కడా దొరకదు.

లౌకిక గీతం పవిత్ర గీతంగా మారడం మాత్రం నిజమే. నూరెంబర్గుకు చెందిన హాన్స్ లియో హాస్లర్ 1601లో ఒక ప్రేమగీతం ప్రచురించాడు. ఒక కన్నె వల్ల మనసు చెదిరిన ప్రేమికుడి గోడు అది. పన్నెండేళ్లకే ఆ బాణీ మరణాన్ని కోరుకునే భక్తుడి పాటకు కుదిరింది. 1656లో పాల్ గెర్హార్ట్ రాసిన, ముళ్ల కిరీటం ధరించిన క్రీస్తు శిరస్సును చూస్తూ పాడే గీతం దాంతో జతకట్టింది. స్వరకర్త బాఖ్ తన ‘మత్తయి ప్రకారం శ్రమలు’ కృతిలో ఈ బాణీని ఐదుసార్లు, సందర్భాన్నిబట్టి స్వరసమ్మేళనం మార్చి వాడుకున్నాడు. ప్రేమికుడి నిట్టూర్పు నుంచి సిలువ ధ్యానానికి మారడంలో వరసకు జరిగిన పెద్ద మార్పు నడకలోనే. హాస్లర్ గీతంలోని ఎగిరిపడే లయను తీసేసి, తరవాతివాళ్లు దాన్ని నింపాదిగా సమంగా నడిపారు.

జెనీవా: ఛందస్సులోకి కీర్తనల గ్రంథం

జెనీవాలో సంస్కరణకు నాయకుడైన జాన్ కాల్విన్ బైబిల్లో ఉన్న మాటలే ఆరాధనలో పాడాలన్నాడు. వచనంలా ఉన్న కీర్తనలను జనం పాడాలంటే వాటికి పాదం, ప్రాస కావాలి. ఫ్రెంచి ఆస్థానకవి క్లెమాన్ మారో మొదలుపెట్టిన ఈ పనిని థియొడోర్ బెజా ముగించాడు. 150 కీర్తనలతో సంపూర్ణ జెనీవా సంపుటం 1562లో వెలువడింది. అందులోని చాలా వరసలు లూయీ బూర్జువా కూర్చినవి, తీర్చినవి. అప్పటికే జనానికి అలవాటైన కొన్ని వరసలను అనుమతి లేకుండా మార్చాడని 1551 డిసెంబరులో నగరపాలక సభ ఆయన్ను జైలులో పెట్టింది. కాల్విన్ కల్పించుకుని విడిపించాడు. నోటికి వచ్చిన బాణీ మీద సంఘానికి ఎంత పట్టింపు ఉంటుందో ఈ ఘటన చెబుతుంది.

134వ కీర్తనకు అంతకుముందు 1551 నాటి జెనీవా సంపుటంలో వచ్చిన బాణీని విలియం కెతీ ఇంగ్లీషులో రాసిన 100వ కీర్తనకు పెట్టుకున్నారు. ‘ఓల్డ్ హండ్రెత్’ పేరుతో అది నేటికీ ప్రపంచమంతా వినిపిస్తోంది.

వాట్స్, వెస్లీ సోదరులు

ఇంగ్లండులోనూ స్కాట్లాండులోనూ చాలాకాలం ఛందోబద్ధమైన బైబిల్ కీర్తనలే పాడారు. పుస్తకాలు లేనిచోట, చదువు రానిచోట ఒకరు పాదం చదివితే తక్కినవాళ్లు ఆ పాదం పాడేవారు. ఐజాక్ వాట్స్ (1674–1748) ఈ కట్టుబాటును సడలించాడు. దావీదు కీర్తనను క్రైస్తవుడి నోట పలికించాలని, బైబిల్లో లేని మాటలతోనూ స్తుతించవచ్చని వాదించాడు. ఆయన ‘హిమ్స్ అండ్ స్పిరిచువల్ సాంగ్స్’ 1707లో, కీర్తనల అనుసరణ 1719లో వచ్చాయి.

1736 జనవరిలో అట్లాంటిక్ మీద సిమండ్స్ ఓడ తుపానులో చిక్కుకుంది. తెరచాప చినిగి, కెరటం డెక్కు మీదికి ఎక్కగా ఇంగ్లీషువాళ్లు కేకలు పెట్టారు. మొరేవియన్ సంఘానికి చెందిన జర్మన్లు మాత్రం పాడుతున్న పాట ఆపలేదు. ఓడలో ఉన్న జాన్ వెస్లీ ఇది చూశాడు, వాళ్ల పాటలను తెలుసుకుని అనువదించాడు. 1737లో దక్షిణ కరొలైనాలోని చార్ల్స్‌టౌన్‌లో ఒక పాటల సంకలనం అచ్చు వేయించాడు. తమ్ముడు చార్ల్స్ వెస్లీ (1707–1788) ఆరు వేలకు పైగా కీర్తనలు రాసి మెథడిస్టు ఉద్యమానికి గొంతు ఇచ్చాడు.

చార్ల్స్ 1739లో ప్రచురించిన ‘హార్క్! ది హెరాల్డ్ ఏంజెల్స్ సింగ్’ క్రిస్మస్ పాటకు నేడు పాడే బాణీ వంద ఏళ్ల తరవాతిది. అచ్చుయంత్రం సృష్టికర్త గూటెన్‌బర్గ్ స్మారకోత్సవం కోసం 1840లో మెండెల్సన్ కట్టిన సంగీతం అది. దానికి వేరే ఇంగ్లీషు మాటలు పెట్టవచ్చుగాని పవిత్ర విషయాలకు మాత్రం నప్పదని 1843లో ఆయన లేఖ రాశాడు. విలియం కమింగ్స్ 1855లో ఈ రెంటినీ జోడించాడు. అప్పటికి రచయితా స్వరకర్తా ఇద్దరూ లేరు.

కొలత కుదిరితే జత కుదిరినట్టే

ఇలా పరాయి మాట, పరాయి బాణీ జతకట్టడానికి వీలైంది పాదంలో అక్షరాల లెక్క వల్ల. ఇంగ్లీషు కీర్తనల్లో పాదాలకు 8, 6, 8, 6 అక్షరాలుంటే దాన్ని ‘కామన్ మీటర్’ అంటారు. నాలుగు పాదాలూ ఎనిమిదేసి అయితే ‘లాంగ్ మీటర్’, 6, 6, 8, 6 అయితే ‘షార్ట్ మీటర్’. పాత పాటల పుస్తకాల్లో చాలావరకు మాటలే ఉండేవి. బాణీలు వేరే పుస్తకంలో, సొంత పేర్లతో ఉండేవి. ఆ పేర్లు ఊళ్లవి, వీధులవి, మనుషులవి, పుణ్యపురుషులవి. కొలత చూసి ఆ రోజు ఏ బాణీ పట్టాలో పాట నడిపించేవాడు నిర్ణయించేవాడు.

‘అమేజింగ్ గ్రేస్’ ఇందుకు చక్కని ఉదాహరణ. ఒకప్పుడు బానిసల ఓడ నడిపి, తరవాత పాస్టరైన జాన్ న్యూటన్ దీన్ని ఇంగ్లండులోని ఓల్నీ ఊళ్లో 1773 జనవరి 1 నాటి ప్రసంగం కోసం సిద్ధం చేశాడు. కవి విలియం కూపర్‌తో కలిసి 1779లో తెచ్చిన ‘ఓల్నీ హిమ్స్’లో చేర్చాడు. ఆ పుస్తకంలో బాణీలు లేవు. కామన్ మీటర్ పాట కాబట్టి ఎవరికి తోచిన వరసలో వాళ్లు పాడుకున్నారు. 1835లో అమెరికాలో విలియం వాకర్ తన ‘సదరన్ హార్మనీ’లో దాన్ని ‘న్యూ బ్రిటన్’ అనే బాణీకి జతచేశాడు. ఆ బాణీని మొదట కట్టింది ఎవరో తెలియదు. అది ఐదు స్వరాల్లోనే నడుస్తుంది. ఆ ఐదూ మన మోహన రాగ స్వరాలే. న్యూటన్ తన పాటను ఈ జతలో వినే అవకాశమే లేదు, 1807లోనే కన్నుమూశాడు.

1861లో వచ్చిన ‘హిమ్స్ ఏన్షెంట్ అండ్ మోడర్న్’ ఈ విచ్చలవిడి జతలకు కొంత అడ్డుకట్ట వేసింది. మాట, బాణీ ఎదురెదురుగా అచ్చై ఫలానా పాటకు ఫలానా వరస అని స్థిరపడింది. హెన్రీ లైట్ 1847లో రాసిన ‘అబైడ్ విత్ మీ’కి విలియం మంక్ కట్టిన ‘ఈవెన్‌టైడ్’ అలా శాశ్వతమైంది.

పొలం పాట నుంచి ప్రార్థన పాటకు

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో స్వరకర్త రాల్ఫ్ వాన్ విలియమ్స్ ఇంగ్లండు పల్లెల్లో తిరుగుతూ ముసలివాళ్ల నోటి పాటలు రాసుకునేవాడు. 1906లో వచ్చిన ‘ఇంగ్లీష్ హిమ్నల్’కు సంగీత సంపాదకుడిగా వాటిలో కొన్నింటిని చర్చికి తెచ్చాడు. సరే కౌంటీలోని ఫారెస్ట్ గ్రీన్ ఊళ్లో విన్న దున్నేవాడి పాట బేత్లెహేము గురించిన క్రిస్మస్ గీతానికి కుదిరింది. ససెక్స్‌లోని మంక్స్ గేట్ అనే పల్లెలో హారియట్ వెరల్ అనే ఆమె పాడగా విన్న నావికుల పాట, జాన్ బన్యన్ యాత్రికుడి గీతానికి బాణీ అయింది. బాణీలకు ఆ ఊళ్ల పేర్లే పెట్టాడు.

అమెరికా: ఆకారాల స్వరలిపి, బానిసల పాటలు, గాస్పెల్

అమెరికాలో స్వరాన్ని దాని ఆకారంతో గుర్తుపట్టే అచ్చుపద్ధతి 1801లో వచ్చింది. త్రికోణం, గుండ్రన, చతురస్రం చూసి స్వరం పోల్చుకోవచ్చు కాబట్టి సంగీతం చదవని రైతులూ నాలుగు గొంతుల్లో పాడగలిగారు. 1844 నాటి ‘సేక్రెడ్ హార్ప్’ పుస్తకంతో ఆ పద్ధతి ఇప్పటికీ బతికి ఉంది.

ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన జనం వాట్స్ కీర్తనలను తమ లయలో తిప్పుకున్నారు. ఒకరు పిలిస్తే అందరూ పలికే పద్ధతిలో, విడుదల ఆశతో సొంత ఆత్మీయ గీతాలూ కట్టుకున్నారు. వాటికి రచయిత పేరు లేదు. 1871లో నాష్‌విల్‌లోని ఫిస్క్ విశ్వవిద్యాలయం విద్యార్థుల బృందం తమ సంస్థకు చందాల కోసం పాడుతూ బయల్దేరాక వాటిని తక్కిన ప్రపంచం విన్నది. బ్లూస్ వాయించే థామస్ డోర్సీ 1932లో, కాన్పులో భార్యనూ బిడ్డనూ పోగొట్టుకున్న దుఃఖంలో ‘టేక్ మై హ్యాండ్, ప్రెషస్ లార్డ్’ రాశాడు. దాని బాణీకి పందొమ్మిదో శతాబ్దపు ‘మెయిట్లండ్’ అనే వరస ఆధారం.

చూపులేని ఫానీ క్రాస్బీ (1820–1915) వేల గీతాలు రాసింది. ఐరా శాంకీ సువార్త సభల్లో వాటిని పాడి ప్రచారం చేశాడు. చరణం తరవాత అందరూ అందుకునే పల్లవితో ఉండే ఈ గాస్పెల్ పాటలను మిషనరీలు ఆసియా, ఆఫ్రికాలకు మోసుకెళ్లారు.

భారతదేశం: రాగతాళాలతో కీర్తన

కేరళలోని సిరియన్ క్రైస్తవులకు ఎఫ్రాయిము కాలపు సిరియాక్ గానంతో అనుబంధం ఉంది. 1706లో తరంగంబాడికి వచ్చిన జర్మన్ లూథరన్ మిషనరీలు తమ కీర్తనలను తమిళంలోకి మార్చి, వరసలు మాత్రం జర్మన్‌వే ఉంచారు. తంజావూరులో వేదనాయకం శాస్త్రి (1774–1864) మరో దారి తొక్కాడు. శరభోజి రాజుతో కలిసి చదువుకున్న ఆయన పల్లవి, అనుపల్లవి, చరణాలతో కర్ణాటక రాగాల్లో క్రైస్తవ కృతులు రచించాడు. పంజాబులో ఇమాముద్దీన్ షహబాజ్ కీర్తనల గ్రంథాన్ని పంజాబీ పద్యాల్లోకి తెస్తే, రాధాకిషన్ అనే హిందూ సంగీతజ్ఞుడు వాటిని స్థానిక బాణీల్లో కూర్చాడు.

తెలుగులో ఈ పని పెద్దఎత్తున చేసినవాడు పురుషోత్తమ చౌదరి (1803–1890). ఒడిశా సరిహద్దు ప్రాంతానికి చెందిన ఆయన 1833లో కటకంలో బాప్తిస్మం పొందాడు. తెలుగు పదాల, కీర్తనల సంప్రదాయం తెలిసినవాడు కావడంతో తన పాటలను పరాయి కొలతకు బిగించలేదు. తెలుగు నేల మీద వేరువేరు మిషన్లు పనిచేశాయి. లండన్ మిషన్ 1805లో విశాఖపట్నానికి, లూథరన్లు 1842లో గుంటూరుకు వచ్చారు. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. సిద్ధాంతంలో తేడాలున్నా ఈ సంఘాలన్నిటినీ ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం ఒక్కతాటి మీదికి తెచ్చింది. అందులో పాట తల మీద రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. అనువాద గీతాలకు ఇంగ్లీషు వరసలూ ఉన్నాయి.

ఈ రెండు రకాలూ ఒకే నోట పాడేవారికి తేడా వెంటనే తెలుస్తుంది. ఇంగ్లీషు పద్యం ఊనిక మీద నడుస్తుంది, తెలుగు పద్యం గురులఘువుల మీద నడుస్తుంది. ఇంగ్లీషు వరసలో దెబ్బ పడేచోట తెలుగు లఘువు వస్తే దాన్ని సాగదీయాలి, గురువు వస్తే ఒక్కోసారి కుదించాలి. అక్షరాల లెక్క సరిపోయినా మాట విరుగుతుంది. రాగతాళాల్లో కట్టిన కీర్తనకు ఆ ఇబ్బంది లేదు. చదువు రాని పల్లె సంఘాల్లో బైబిల్ కథలు, బోధ ఈ పాటల ద్వారానే కంఠతా వచ్చేవి. దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య (1874–1945) వంటి నాయకులు దేశీయ సంగీతాన్ని ప్రోత్సహించారు. భజన, కోలాటం, బుర్రకథ, హరికథ సువార్త చెప్పే సాధనాలయ్యాయి.

కాథలిక్ సంఘంలో పూజ లాటిన్లో సాగేది. రెండో వాటికన్ మహాసభ 1963లో ఆమోదించిన ఆరాధనా పత్రం ప్రజల భాషకూ, ఆయా జాతుల సంగీతానికీ తలుపు తీశాక తెలుగు పాటకు పూజలో చోటు దొరికింది.

నేటి స్థితి

క్యాసెట్టు, సీడీ, ఇంటర్నెట్టు కీర్తన పుట్టే తీరును మార్చాయి. మాట, బాణీ, వాద్యాలు ఒకే స్టూడియోలో కలిసి తయారవుతున్నాయి. తెలుగు రాష్ట్రాల్లో పుట్టిన కొత్త పాట అదే వారంలో గల్ఫ్, అమెరికా తెలుగు సంఘాలకు చేరుతోంది. సంఘం ఇప్పుడు పాటను పుస్తకంలోని కొలతను బట్టి కాక, మొదటిసారి విన్న గొంతును బట్టి నేర్చుకుంటోంది. అందువల్ల ఒక పాట వరసను మరో పాటకు పెట్టుకోవడం తగ్గింది. దానికి కాపీరైటు చట్టం కూడా తోడైంది. ఆరాధనలో పాటలు వాడుకోవడానికి చర్చిలకు అనుమతిపత్రాలిచ్చే సీసీఎల్ఐ సంస్థ 1988లో అమెరికాలో మొదలైంది. ఎఫ్రాయిము ప్రత్యర్థి వరసను తీసుకున్నాడు, వాకర్ ఊరూపేరూ లేని బాణీని న్యూటన్ మాటలకు తొడిగాడు. నేటి పాటలతో ఆ పని చేయదలచినవాడు ముందు హక్కుదారుడి అనుమతి తీసుకోవాలి.